ఐదేళ్లు మోయగల ప్రశ్న

“మాస్టారూ, ఇక్కడ చేరి ఆర్నెల్లయింది. పొద్దున వెళ్తే రాత్రి దాకా వైర్లకు సోల్డరింగ్ పెట్టడమే పని. క్వాంటమ్ ఎక్కడా కనబడలేదు.”

ఫోనులో ఆ అమ్మాయి గొంతు బొంగురుపోయింది. శ్రీకాకుళం జిల్లాలో మా డిగ్రీ కాలేజీలోనే బీఎస్సీ చదివింది. వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. వేరే రాష్ట్రంలో సూపర్‌కండక్టింగ్ క్యూబిట్ల మీద పనిచేసే ల్యాబులో పీహెచ్‌డీ సీటు వచ్చిందని తెలిసిన రోజు వాళ్ల నాన్న వీధంతా స్వీట్లు పంచాడు. “మా పిల్ల క్వాంటమ్ కంప్యూటర్ తయారుచేస్తుందట” అని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. తీరా వెళ్లాక ఆమె చేతికి వచ్చింది సోల్డరింగ్ ఐరన్.

ఆ రోజు ఆమెకు ఒక కథ చెప్పాను. క్వాంటమ్ ఫిజిక్స్‌లో పరిశోధనకు వెళ్లాలని చూస్తున్న మీకూ దాంతోనే మొదలుపెడతాను.

1980 ప్రాంతంలో ఆంథొనీ లెగెట్ అనే సైద్ధాంతిక శాస్త్రవేత్త ఒక ప్రశ్న లేవనెత్తారు. ఎలక్ట్రాన్ లాంటి చిన్న కణం, ఎక్కి దాటే శక్తి లేకపోయినా గోడలోంచి అవతలికి దూరిపోగలదు. దాన్ని టన్నెలింగ్ అంటారు, బీఎస్సీలోనే చదివి ఉంటారు. మరి చేత్తో పట్టుకోగలిగినంత సూపర్‌కండక్టింగ్ సర్క్యూట్, అందులోని ఎలక్ట్రాన్ జంటలన్నీ కలిసి ఒక్క కణంలా మారి, అలాగే గోడ దాటగలదా? జవాబు కోసం చాలామంది ప్రయత్నించారు. 1981లో ఐబీఎం పరిశోధకులు ఇద్దరు కొలిచి, దాటుతున్నట్టే ఉందని చూపించారు. అయినా అనుమానం తీరలేదు. సర్క్యూట్ తనంతట తానే దాటిందా, గది వేడిలో పుట్టి వైర్ల గుండా దిగివచ్చిన మైక్రోవేవ్ రొద దాన్ని అవతలికి తోసిందా అన్నది ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు.

అప్పుడు బర్కిలీలో ముగ్గురు ఆ పనికి కూర్చున్నారు. జాన్ క్లార్క్ ప్రొఫెసర్. మిషెల్ డెవొరె ఫ్రాన్స్ నుంచి వచ్చిన పోస్ట్‌డాక్. జాన్ మార్టినిస్ పీహెచ్‌డీ విద్యార్థి, పాతికేళ్లు దాటిన కుర్రాడు. వాళ్లు చేసిన అసలు పనుల్లో ఒకటి వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. లోహపు గొట్టంలో చుట్టలు చుట్టిన వైరు పెట్టి, చుట్టూ రాగి పొడి కూరారు. లక్షలాది రాగి రేణువుల పైపొరల్లో మైక్రోవేవ్ రొద ఇంకిపోతుంది. కావలసిన నెమ్మది సంకేతం మాత్రం కిందికి దిగుతుంది. అలా రొదను బయటే ఆపి, ఉష్ణోగ్రత తగ్గించుకుంటూ పోయారు. సర్క్యూట్ గోడ దాటే వేగం తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఒకచోట ఇక తగ్గనని నిలిచిపోయింది. వేడి తోస్తూ ఉంటే అది ఆగకూడదు, తగ్గుతూనే పోవాలి. ఆగిందంటే టన్నెలింగే. ఆ పైన మైక్రోవేవ్ పంపి, సర్క్యూట్ శక్తి మెట్లు మెట్లుగా ఉంటుందని కూడా చూపించారు. ఇదంతా 1984, 85 నాటి మాట. 2025లో ఆ ముగ్గురికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆమెకు చెప్పిందల్లా ఇదే. “అమ్మా, లెగెట్ ప్రశ్న అందరి ముందూ ఉంది. అంతకుముందే కొలిచినవాళ్లూ ఉన్నారు. జవాబు మాత్రం రాగి పొడి కూరినవాళ్ల దగ్గరికి వచ్చింది. నువ్వు సోల్డరింగ్ పెడుతున్న వైరు గుండానే రొద దిగుతుంది. క్వాంటమ్ నీకు కనబడేది కూడా ఆ వైరు గుండానే.”

పరిశోధనలో తొలి ఐదేళ్లు ఒక మనిషికి రెండింటిని ఇవ్వాలి. ఐదేళ్లు మోసినా బరువనిపించని ప్రశ్న ఒకటి. మీరు లేకపోతే ల్యాబులో ఆగిపోయేంతగా చేతికి వచ్చిన పని ఒకటి. క్వాంటమ్‌లో ఇప్పుడు స్కోప్ బాగుందని ఎవరో అంటే విని చేరినవాళ్లలో చాలామందికి ఈ రెండూ దక్కడం లేదు. అది చూస్తున్నాను, బాధపడుతున్నాను. అందుకే కాస్త గట్టిగానే చెబుతున్నాను.

ప్రశ్న గొప్ప చోటే పుట్టాలని లేదు. గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు గారు గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదివి, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ నుంచి గణితంలో ఎంఏ చేశారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, అది రాక, అక్కడ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, మీరు చెప్పిన ఫలితం నమూనాలు లెక్కలేనన్ని ఉన్నప్పుడు సరే, కొన్నే ఉన్నప్పుడు కూడా వర్తిస్తుందా అని అడిగాడు. రావు గారు ఇంటికి వెళ్లి రాత్రంతా కూర్చుని, మర్నాటికి జవాబు తెచ్చారు. 1945లో అచ్చయిన ఆ ఫలితాన్నే లోకం క్రామర్–రావు హద్దు అంటోంది. ఏ కొలతలోనైనా తప్పును ఇంతకన్నా తగ్గించలేం అని చెప్పే గీత అది. తర్వాతి తరం దాన్ని క్వాంటమ్ లోకానికి విస్తరించింది. ఇవాళ అణు గడియారం చేసేవాళ్లూ, వజ్రంలోని లోపాలతో అయస్కాంత క్షేత్రాలు కొలిచేవాళ్లూ తమ పరికరం ఇంకెంత మెరుగుపడగలదో చూసుకునేది క్వాంటమ్ క్రామర్–రావు హద్దుతోనే. మన నూజివీడులో చదివిన మనిషి పేరు వాళ్ల పేపర్లలో రోజూ కనబడుతుంది. క్లాసులో ఒక కుర్రాడు లేచి అడగబట్టే కదా!

ఇక ఇవాళ్టి ప్రశ్నలు ఎక్కడున్నాయంటారా? వార్తాపత్రికల్లో క్వాంటమ్ కంప్యూటర్ల గురించే ఎక్కువ వస్తుంది. అక్కడ నిజమైన ముందడుగు 2024 డిసెంబరులో గూగుల్ విల్లో చిప్‌తో కనబడింది. అందులో 105 క్యూబిట్లున్నాయి. అంకెకన్నా ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఒక సమాచారాన్ని చాలా క్యూబిట్ల మీద పరిచి కాపాడే పద్ధతిలో, ఆ పరుపును మూడు వరసల నుంచి ఐదుకు, ఐదు నుంచి ఏడుకు పెంచినప్పుడల్లా తప్పులు సగానికి పైగా తగ్గాయి. అంతకుముందు సాధారణంగా క్యూబిట్లు పెంచితే తప్పులూ పెరిగేవి. 1995లో పీటర్ షోర్ ఈ తప్పుల దిద్దుబాటు ఊహను కాగితం మీద పెట్టారు. అది పరికరంలో ఇలా పనిచేయడానికి సుమారు ముప్పై ఏళ్లు పట్టింది. ఈ రంగంలో కాలం ఎలా నడుస్తుందో దీన్నిబట్టి అంచనా వేసుకోండి.

అయినా నన్నడిగితే, కొత్తగా వచ్చేవాళ్లు కొలతల వైపు కూడా చూడాలి. క్వాంటమ్ సెన్సింగ్ అంటారు దాన్ని. 2022లో అమెరికాలోని జిలా సంస్థలో స్ట్రాన్షియం అణు గడియారంతో, కేవలం ఒక మిల్లీమీటరు ఎత్తు తేడాలో కాలం నడక ఎంత మారుతుందో కొలిచారు. గురుత్వం ఎక్కువున్న చోట కాలం నెమ్మదిస్తుందని ఐన్‌స్టీన్ చెప్పినది, పెన్సిల్ మొన అంత ఎత్తులో! గురుత్వ తరంగాలను పట్టే లైగో డిటెక్టర్లు కాంతిని ఒక ప్రత్యేక క్వాంటమ్ స్థితిలోకి నొక్కి, రొదను తగ్గించుకుంటున్నాయి. అలాంటి డిటెక్టరే మనకూ రాబోతోంది. నాందేడ్ దాటాక, మహారాష్ట్ర హింగోలి జిల్లా ఔంధా నాగనాథ్ దగ్గర నాలుగు కిలోమీటర్ల చేతులతో కట్టే లైగో-ఇండియాకు 2023లో కేంద్రం సుమారు 2,600 కోట్లు మంజూరు చేసింది. లేజర్లు, వాక్యూమ్, కంట్రోల్ ఎలక్ట్రానిక్స్ చేతనైన పిల్లలు దానికి ఎంతోమంది కావాలి.

అదే ఏడాది ఏప్రిల్‌లో నేషనల్ క్వాంటమ్ మిషన్‌కు 6,003 కోట్లు కేటాయించారు. దాని నాలుగు ప్రధాన కేంద్రాల్లో కంప్యూటింగ్ బెంగళూరు ఐఐఎస్సీకి, కమ్యూనికేషన్ మద్రాసు ఐఐటీకి, సెన్సింగ్ బొంబాయి ఐఐటీకి, పదార్థాలు–పరికరాలు ఢిల్లీ ఐఐటీకి వెళ్లాయి. వాటి చుట్టూ దేశమంతటా చాలా సంస్థలు చేరాయి. అమరావతిలో ఐబీఎం యంత్రంతో క్వాంటమ్ వ్యాలీ కడతామని 2025లో ప్రకటించినప్పటి నుంచి మా కాలేజీ పిల్లలు అదే అడుగుతున్నారు. మంచిదే. కానీ ఒకటి గుర్తుంచుకోండి. 2016లోనే ఐబీఎం ఐదు క్యూబిట్ల యంత్రాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచింది. టెక్కలిలో కూర్చుని కూడా అప్పటి నుంచే దాని మీద ప్రయోగం చేసే వీలుంది. ఎంతమంది చేశారు? యంత్రం మన ఊరికి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. నేర్చుకోవడం ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు.

ఎలా మొదలుపెట్టాలో ఆ అమ్మాయి సంగతే చెబుతాను. బీఎస్సీ రెండో ఏడాదిలో ఆమెకు ఒకటే పని ఇచ్చాను. రెండే స్థితులున్న ఒక వ్యవస్థ తీసుకో, పైస్థితి, కిందిస్థితి. దాని మీద మైక్రోవేవ్ పడితే అది పైకీ కిందికీ ఊయలలా ఊగుతుంది. దాన్ని రాబీ డోలనం అంటారు. ముందు చేత్తో లెక్క కట్టు. తర్వాత పైథాన్‌లో ఉచితంగా దొరికే క్యూటిప్‌తో అదే గీతను గీయి. ఆ తర్వాత క్షయం కలుపు, ఊయల ఎలా చచ్చుబడుతుందో చూడు. తన దగ్గర ల్యాప్‌టాప్ లేదు. కాలేజీ ల్యాబులో, కరెంటు ఉన్నప్పుడు, మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో ఆమె నోట్సులో ఒక చోట రాసుకున్న మాట నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. “ఊగడం ఎందుకు ఆగింది? శక్తి పోయిందా, తాళం తప్పిందా?” క్యూబిట్ల మీద పనిచేసేవాళ్లు రాత్రింబవళ్లు తల పట్టుకునేది సరిగ్గా అక్కడే. శక్తి పోయే కాలం వేరు, తాళం తప్పే కాలం వేరు. ఆమెకది ఎవరూ చెప్పలేదు, గీత చూసి తనే అడిగింది.

ఆ ప్రశ్నతోనే సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టింది. డిగ్రీ పిల్లలు కూడా వేసవిలో రెండు నెలలు పెద్ద ల్యాబులో పనిచేసే వీలు ఇందులో ఉంది. మన డిగ్రీ కాలేజీల్లో ఈ మాట తెలియక పోగొట్టుకుంటున్నవాళ్లు ఎందరో. లెక్చరర్లారా, దయచేసి నోటీసు బోర్డు మీద పెట్టండి.

పరీక్షల మీద ఎక్కువ చెప్పను, కోచింగ్ సెంటర్ల వాళ్లు చెబుతూనే ఉన్నారు. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్. పీహెచ్‌డీకి నెట్, గేట్, జెస్ట్, టీఐఎఫ్ఆర్ సొంత పరీక్ష. పరీక్ష గట్టెక్కాక అసలు సంగతి ఇంటర్వ్యూలో ఉంటుంది. తెలుగు మీడియం పిల్లలు అక్కడ ఇంగ్లీషు గురించి వణుకుతారు. ఇంగ్లీషు తడబడినా ఫర్వాలేదు. చాక్‌పీసు తడబడకూడదు. పెట్టెలో ఒక కణం ఉంది, పెట్టె వెడల్పు సగం చేస్తే కనిష్ఠ శక్తి ఏమవుతుంది అంటారు. నాలుగింతలవుతుంది అని చెప్పడం ఒక ఎత్తు, ఎందుకో బొమ్మ గీసి చూపడం ఒక ఎత్తు. వాళ్లు చూసేది రెండోదే. తెలియకపోతే “తెలియదండీ, ఇలా ఆలోచిస్తాను” అని బోర్డు దగ్గరికి నడవండి. అలా నడిచినవాళ్లకు సీటు రావడం నేను చూశాను.

ప్రొఫెసర్లకు రాసే ఉత్తరం గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. ఒకే మెయిలును, పేరు మాత్రం మార్చి, వందమందికి పంపుతారు. మీ విఖ్యాత బృందంలో చేరాలని నాకు ఎంతో ఆసక్తి అని మొదలవుతుంది. మొదటి వాక్యం దగ్గరే చదివేవాళ్లు ఆపేస్తారు. ఆ అమ్మాయి పంపింది ఐదుగురికే. ఒక దాంట్లో సారాంశం ఇది: మీ ఫలానా పేపరులో మూడో బొమ్మ నేను క్యూటిప్‌లో మళ్లీ గీశాను. శక్తి పోయే కాలం సరిపోయింది గాని, తాళం తప్పే కాలం నాకు మీకన్నా ఎక్కువ వస్తోంది. నేను ఏ రొదను వదిలేశానో చెప్పగలరా? కోడ్ జతచేశాను. మర్నాడు పొద్దున్నే జవాబు వచ్చింది. ఆ జవాబులో సీటు మాట లేదు, ఆ వదిలేసిన రొద గురించి నాలుగు పంక్తులున్నాయి. ఏడాది తర్వాత ఆమె చేరింది అక్కడే.

అలాంటి మెయిలు రాయాలంటే ముందు చదవాలి. ఆర్కైవ్ అనే ఉచిత భాండాగారంలో క్వాంటమ్ విభాగానికి సెలవు రోజుల్లో తప్ప రోజూ కొత్త పేపర్లు చేరతాయి. టీ తాగుతూ శీర్షికలు చూడండి. నాలుగైదింటి సారాంశాలు చదవండి. వారానికి ఒక్కటి పూర్తిగా. మొదటి ఆర్నెల్లు తలకెక్కదు. నాకూ ఎక్కలేదు. ఏడో నెలకు ఎవరు ఎవరితో వాదిస్తున్నారో తెలియడం మొదలవుతుంది. అప్పుడే మీ ప్రశ్న ఎక్కడ కూర్చుంటుందో కనబడుతుంది.

గైడును ఎంచుకునేటప్పుడు ఆయన పేపర్ల లెక్క చూసి ఊరుకోకండి. ఆ ల్యాబులో నాలుగో ఏడాది చదువుతున్న విద్యార్థితో క్యాంటీన్‌లో అరగంట కూర్చోండి. వాళ్ల సీనియర్లు ఇప్పుడు ఎక్కడున్నారు, ఎన్నేళ్లకు థీసిస్ ఇచ్చారు, ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారు, ఎందుకు. గైడు పొరపాటు చేసినప్పుడు విద్యార్థి ఎదురు చెప్పగలడా అని కూడా అడగండి. జవాబు చెప్పే ముందు ఆ విద్యార్థి ఎంతసేపు ఆగాడో గమనించండి.

నా సంగతి ఒకటి. పీహెచ్‌డీలో నేను తక్కువ ఉష్ణోగ్రతల ప్రయోగం చేసేవాణ్ణి. అప్పట్లో అందరి నోటా నానుతున్న సమస్యను తీసుకున్నాను. రెండో ఏడాది చివర, అదే ఫలితం వేరే దేశపు బృందం అచ్చువేసింది. నాకంటూ ఒక ప్రశ్న ముందు నుంచీ లేదు కాబట్టి, ఆ రోజు నా దగ్గర ఏమీ మిగలలేదనిపించింది. మిగిలింది ఒకటే, చేతిపని. ఇండియం అని వెన్నలాంటి మెత్తటి లోహం ఉంటుంది. దాని తీగను రెండు పలకల మధ్య నొక్కి గాలి చొరకుండా సీలు వేస్తారు. మా క్రయోస్టాట్ గది వేడిలో చక్కగా నిలిచేది, చల్లబడగానే కారేది. హీలియం వాయువును సన్నటి గొట్టంతో ఒక్కొక్క అతుకు దగ్గరా ఊదుతూ, లీక్ డిటెక్టర్ ముల్లు ఎక్కడ కదులుతుందా అని చూస్తూ రెండు నెలలు గడిపాను. చివరికి ఒక సీలు పలక అంచున గోరుతో తడిమితే గాని తెలియని గీత. చల్లబడి లోహం ముడుచుకున్నప్పుడు అక్కడ దారి తెరుచుకుంటోంది. ఆ తర్వాత చుట్టుపక్కల ఏ ల్యాబులో లీకు వచ్చినా నన్ను పిలిచేవారు. ఆ పిలుపుల్లో ఒకదాని వల్లే నాకు కొత్త సమస్య దొరికి థీసిస్ పూర్తయింది.

డబ్బు మాట. పరిశోధక విద్యార్థికి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటద్దె భత్యం అదనం. సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చి ఇంట్లో గొడవ పడకండి, కాగితం మీద ఐదేళ్ల లెక్క రాసి అమ్మానాన్నల ముందు పెట్టండి. నెలనెలా ఫెలోషిప్ వచ్చే చదువని, చదువుకుంటూ ఇంటికి ఎంతోకొంత పంపవచ్చని వాళ్లకు తెలియదు. ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. మూడో ఏడాదిలో పెళ్లి తొందర పెట్టకండి. పరికరం అప్పుడప్పుడే మాట వినడం మొదలుపెట్టే ఏడాది అది.

పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్. రెండు మూడేళ్ల ఒప్పందం, పర్మనెంటు కాదు. థీసిస్ ఇచ్చాక వెతకడం మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే, ఏడాది ముందే కదలాలి. మన దేశంలో నేషనల్ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్‌కు వయోపరిమితి 35 ఏళ్లు, మహిళలకూ రిజర్వేషన్ వర్గాలకూ ఐదేళ్ల సడలింపు ఉంది. యూరప్‌లో మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు వెళ్లదలచిన దేశంలో గడిచిన మూడేళ్లలో పన్నెండు నెలలకు మించి ఉండి ఉండకూడదు. జర్మనీలో ముందే ఒకటిన్నరేళ్లు ఉండి, తర్వాత అక్కడికే దరఖాస్తు పెట్టాలని చూసి, ఈ నిబంధన దగ్గర ఆగిపోయినవాళ్లున్నారు. దేశం దాటే ముందే చదువుకోండి.

ప్రొఫెసర్ కుర్చీలు తక్కువ, చదివే పిల్లలు ఎక్కువ. ఇది దాచి మిమ్మల్ని పంపలేను. కానీ లేజర్‌ను ఒక అణువు దగ్గర నిలబెట్టగలిగిన మనిషికి, మిల్లీకెల్విన్ దాకా చల్లబరచగలిగిన మనిషికి, దేశానికి టైము చెప్పే ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ నుంచి ఇస్రో దాకా, బెంగళూరు క్వాంటమ్ స్టార్టప్‌ల దాకా పని ఉంది. కోడ్ ఒక్కటే తెలిసినవాళ్లకన్నా అలాంటివాళ్లు దొరకడం కష్టం. అందుకే సిద్ధాంతం చేసేవాళ్లను కూడా కనీసం ఒక ఏడాది ప్రయోగశాల పక్క బల్ల మీద కూర్చోమంటాను.

ఆ ఫోను తర్వాత ఏడాదిన్నర గడిచింది. మొన్న ఆదివారం పొద్దున్నే, నేను పొలం నుంచి వస్తుంటే మళ్లీ ఫోను. వెనకాల పంపుల చప్పుడు వినబడుతోంది, టక్కు టక్కుమని. రాత్రంతా నిద్రపోలేదట. వైరింగ్ మొత్తం తనే వేసిన ఫ్రిజ్‌ను మొదటిసారి మూసి మూడు రోజులైందట.

“ఎంత చూపిస్తోందమ్మా?” అన్నాను.

“పన్నెండు మిల్లీకెల్విన్, మాస్టారూ. ఊయల ఊగుతోంది. కానీ నేను అనుకున్నదానికన్నా ముందే తాళం తప్పుతోంది. ఎందుకో కనిపెట్టాలి.”